ఎనిమిదేళ్లు గ్యాస్ బిళ్ళలతో నెట్టుకొచ్చాక తిరుపతిలో చూపించాం (5కి 4 స్టార్లు)

మా నాన్నకు 61 ఏళ్లు, చిత్తూరు దగ్గర మామిడి తోట. ఎనిమిదేళ్లుగా కడుపులో మంట అనడం, మందుల షాపులో గ్యాస్ బిళ్ళ తెచ్చుకుని పరగడుపున వేసుకోవడం, రెండు రోజులు బాగుండటం, మళ్ళీ మొదలు. మేమూ పట్టించుకోలేదు, అది మా తప్పే. ఈమధ్య ఆకలి తగ్గి మనిషి చిక్కిపోతుంటే టెన్షన్ పడి ఈ గ్యాస్ట్రో క్లినిక్‌కి తీసుకొచ్చాం.

గొంతుకు స్ప్రే కొట్టి ఎండోస్కోపీ చేశారు, పది నిమిషాల్లో అయిపోయింది. బయాప్సీ రిపోర్టులో హెచ్ పైలోరీ బ్యాక్టీరియా ఉందని, కడుపు లోపలి పొరలో కొన్నిచోట్ల కణాలు పేగు కణాల్లా మారాయని వచ్చింది. నాన్న ముఖం పాలిపోయింది.

డాక్టరుగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, "పెద్దాయనా, చెప్పుల్లేకుండా తోటలో తిరిగి తిరిగి మీ అరికాలు మొద్దుబారింది కదా, కడుపు పొర కూడా ఏళ్ల తరబడి మంటను తట్టుకోవడానికి అలాగే రూపం మార్చుకుంది" అన్నారు. బ్యాక్టీరియా మీదికి వచ్చిన తెల్ల రక్తకణాలు పని ముగించుకుని వెళ్లకుండా అక్కడే ఉండిపోతే, అవి వదిలే రసాయనాలు మన కణాల డీఎన్ఏనే దెబ్బతీస్తాయి. పాడైనచోట కొత్త కణాలు పుడుతూనే ఉండాలి, ఎన్నిసార్లు పుడితే అన్ని తప్పులు దొర్లే అవకాశం, అవి పోగుపడితే క్యాన్సర్ దాకా పోవచ్చు. నాన్నది క్యాన్సర్ కాదని, ఇలా మారినవాళ్లలో ఎక్కువమందికి అక్కడిదాకా రాదని రెండుసార్లు చెప్పారు. ఈ బ్యాక్టీరియాను కనిపెట్టి 2005లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో మార్షల్ అనే ఆయన దాన్ని తానే తాగి చూశాడని చెబితే నాన్న భయం మరిచి వింటూ కూర్చున్నారు.

14 రోజుల యాంటీబయాటిక్ కోర్సు. నోరంతా చేదు, అయినా ఒక్క పూట మానలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, కోర్సు అయిన నెలకు గాలి ఊదే పరీక్షకు రమ్మన్నారు, కానీ దానికి రెండు వారాల ముందే గ్యాస్ బిళ్ళ ఆపాలని రిసెప్షన్‌లో ఎవరూ చెప్పలేదు. బిళ్ళ వేసుకుంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించవచ్చట. చిత్తూరు నుంచి 70 కిలోమీటర్లు వచ్చి ఊరికే తిరిగి వెళ్లాం. టోకెన్ ఉన్నా మూడు గంటలు కూర్చోవాలి.

రెండోసారి పరీక్షలో బ్యాక్టీరియా లేదని వచ్చింది. మారిన పొర మళ్ళీ మామూలు అవుతుందని మాటివ్వలేను, మూడేళ్లకు ఇంకోసారి ఎండోస్కోపీ చేద్దాం అన్నారు డాక్టరుగారు. వెళ్లేవాళ్లు ఇప్పటిదాకా వాడిన బిళ్ళల అట్టలన్నీ పట్టుకెళ్లండి, ఆయన ఒక్కొక్కటీ తీసి చూస్తారు.