స్పీకర్ పలకలేదంటే మళ్లీ స్కాన్ చేయకండి: శ్రీకాకుళంలో ఒకే ఫ్రిజ్‌కి మా దగ్గర రెండుసార్లు డబ్బు తీసుకున్నారు

శ్రీకాకుళం, నరసన్నపేట, ఆమదాలవలస వైపు ఇంటి సామాన్లు కొనడానికి వెళ్లేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. కౌంటర్ మీద రెండు స్కానర్లు ఉన్నా, "క్యాష్ తీసుకోం" అని షాపువాళ్లు అన్నా కాస్త ఆగండి. డబ్బు ఎవరి పేరు మీదకు వెళ్తోందో చదవండి. మీ ఫోన్‌లో డబ్బు వెళ్లిపోయినట్టు చూపిస్తుంటే, "మాకు రాలేదు, మళ్లీ కొట్టండి" అన్న మాటకు ఒప్పుకోకండి. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పద్ధతి వేరే చోట్ల కూడా నడుస్తోంది కాబట్టి పేరు కన్నా పద్ధతి తెలుసుకోవడమే మీకు ఎక్కువ ఉపయోగం.

అమ్మ టెక్కలి దగ్గర పల్లెలో ఉంటుంది. పింఛను డబ్బులో కొంత దాచుకుని, మిగతాది నన్ను కలపమంటే, ఇద్దరం శ్రీకాకుళం వెళ్లి 18,400 రూపాయలకు ఒక ఫ్రిజ్ ఖాయం చేశాం. అమ్మ సంచిలోంచి నోట్లు తీస్తుంటే కౌంటర్‌లో ఉన్నాయన, "నోట్లొద్దమ్మా, క్యాష్ తీసుకోట్లేదు. బాబు ఫోన్లోంచి కొట్టేస్తాడులే" అన్నాడు. సరేనని మొత్తం నా ఖాతా నుంచే కట్టడానికి సిద్ధపడ్డాను.

అక్కడ రెండు స్కానర్లు ఉన్నాయి. ఒకటి స్పీకర్‌కి అతికించినది, షాపు పేరుతో ఉంది. ఇంకోటి అద్దానికి అంటించిన లామినేషన్ కార్డు. కుర్రాడు ఆ కార్డు చూపించి "ఇది తొందరగా అవుతుంది సార్" అన్నాడు. స్కాన్ చేస్తే షాపు పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వచ్చింది. ఇదెవరని అడిగాను. "మా ఓనరు గారి ఇంట్లోవాళ్లదే, పర్లేదు కొట్టండి" అన్నారు. కొట్టాను. నా ఫోన్‌లో సక్సెస్ అని వచ్చింది, బ్యాంకు మెసేజ్ కూడా వచ్చింది. స్పీకర్ మాత్రం పలకలేదు. పలకదు కూడా, ఎందుకంటే ఆ స్పీకర్‌కి ముడిపడిన ఖాతా వేరు, నేను డబ్బు పంపిన ఖాతా వేరు.

ఆ మాట చెప్పకుండా, "మాకు రాలేదు, నెట్ స్లోగా ఉంది. మీ డబ్బులు రాత్రికల్లా మీ అకౌంట్లో పడిపోతాయి. ఈసారి స్పీకర్ ఉన్నదానికి కొట్టండి" అన్నారు. నా ఫోన్ చూపిస్తే వాళ్ల ఫోన్ చూపించారు. అందులో నిజంగానే ఏమీ లేదు, ఎందుకంటే అది షాపు ఖాతా. అప్పటికే ఫ్రిజ్ ట్రాలీ ఆటోలోకి ఎక్కించేశారు, ఆటోవాడు తొందరపెడుతున్నాడు, అమ్మ ఎండలో నిలబడి ఉంది. డబ్బు కట్టకపోతే దింపేస్తామన్నారు. రెండోసారి కట్టాక స్పీకర్ పలికింది, బండి కదిలింది.

రాత్రికి డబ్బు రాలేదు. వారం దాటినా రాలేదు. బ్యాంకుకి వెళితే ఆ లావాదేవీ ఎప్పుడో పూర్తయిపోయిందని, డబ్బు అవతలి ఖాతాలో జమ అయిందని చెప్పారు. షాపుకి వెళితే "మా స్టేట్‌మెంట్‌లో ఒక్కటే ఉంది చూసుకోండి" అన్నారు. ఇద్దరి మాటా కాగితం మీద నిజమే. మధ్యలో నా 18,400 మాత్రం పోయింది.

నిబంధన తెలియకపోతే ఇలాంటప్పుడు ఎవరైనా తిప్పగలరు, కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తాను. డబ్బు మన ఖాతాలోంచి కట్ అయి అవతల చేరకపోతే ఎన్నాళ్లలో వెనక్కి రావాలో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే గడువులు పెట్టింది. యూపీఐ ద్వారా ఒక మనిషి ఖాతాకి పంపినదైతే లావాదేవీ జరిగిన మర్నాటికల్లా రావాలి. షాపుకి కట్టినదైతే అయిదు రోజుల లోపు రావాలి. గడువు దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం కూడా మనకే. అందుకే "వచ్చేస్తుందిలే" అన్న మాట నమ్మేలా ఉంటుంది. కానీ ఈ గడువులన్నీ డబ్బు మధ్యలో ఆగిపోయినప్పుడే వర్తిస్తాయి. అవతలి ఖాతాలో జమ అయిపోయిన డబ్బుని ఆ ఖాతాదారు ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను వెనక్కి తీయదు. ఫోన్‌లో ప్రాసెసింగ్ అనో పెండింగ్ అనో ఉంటే డబ్బు దారిలో ఉన్నట్టు, ఫెయిల్డ్ అంటే తిరిగి రావాల్సినట్టు. సక్సెస్ అని వచ్చిందంటే ఎవరో ఒకరి చేతికి చేరిపోయింది. అలాంటప్పుడు అడగాల్సింది "ఎప్పుడు తిరిగొస్తుంది" అని కాదు, "ఎవరికి చేరింది" అని.

ఇంకో సంగతి ఇంటికొచ్చి బిల్లు తీరిగ్గా చూశాక బయటపడింది. బిల్లులో మోడల్ నంబరు ఉంది, ధర ఉంది. చెల్లింపు అన్నచోట మాత్రం "క్యాష్" అని ఉంది. నోట్లు ముట్టుకోని షాపు నాకు క్యాష్ బిల్లు ఇచ్చింది! నా ఫోన్‌లో రెండు చెల్లింపులు కనబడుతున్నా, అందులో ఏ ఒక్కటీ ఈ ఫ్రిజ్ కోసం కట్టినట్టు ఆ కాగితం చెప్పదు. ఫోన్‌లో వచ్చే టిక్కు డబ్బు వెళ్లిందనే చెబుతుంది, దేనికోసం వెళ్లిందో చెప్పదు. అది చెప్పాల్సింది బిల్లు. వారంటీకి కూడా రేపు కంపెనీవాళ్లు అడిగేది బిల్లే.

చివరికి డబ్బు వచ్చింది. బ్యాంకు నుంచి ఆ రోజు స్టేట్‌మెంట్ ముద్ర వేయించుకుని తీసుకున్నాను. అందులో డబ్బు చేరిన పేరు, యూటీఆర్ నంబరు (ప్రతి లావాదేవీకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ రెండూ పట్టుకెళ్లి ఓనరుని కలిసి, ఇక జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తానని చెప్పాను. ఆ తర్వాత డబ్బు వచ్చిపడింది, అదీ అద్దం మీద కార్డు ఎవరి పేరుతో ఉందో ఆ ఖాతా నుంచే. పొరపాటైందన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. పొరపాటో, కావాలని చేసిందో నేను తేల్చలేను. షాపు రాబడి ఇంట్లోవాళ్ల సొంత ఖాతాలోకి మళ్లిస్తే లెక్కల్లో కనబడదు కాబట్టి ఆ రెండో స్కానర్ పెట్టి ఉంటారని నా అనుమానం. కారణం ఏదైనా నష్టం కొన్నవాడిదే.

వినియోగదారుల కమిషన్ అంటే లాయర్లు, ఖర్చులు అని భయపడేవాళ్లు మనలో ఎక్కువ. అయిదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. 2019 చట్టం వచ్చాక షాపు ఉన్న ఊళ్లోనే వేయాలని లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. విజయనగరంవాళ్లు శ్రీకాకుళంలో కొన్నా విజయనగరంలోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చన్నమాట. అమ్మిన వస్తువుకి బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది.

ఇదంతా చదివి నేను ఫోన్ చెల్లింపులకు వ్యతిరేకినని అనుకోవద్దు. మన జిల్లా నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వలస వెళ్లినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఒకప్పుడు వాళ్లు ఇంటికి డబ్బు పంపాలంటే మనియార్డరు కట్టాలి, లేదా ఊరికి వచ్చేవాళ్ల చేతికి ఇచ్చి పంపాలి. ఇప్పుడు సాయంత్రం కూలి డబ్బు అందితే రాత్రికి ఇంట్లో బియ్యానికి అందుతోంది. రైతుబజారులో చిల్లర గొడవ తగ్గింది. యూపీఐ మొదలైంది 2016లో, 2025 ఆగస్టుకి ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటాయంటే జనం ఊరికే వాడటం లేదు. నా డబ్బు వెనక్కి వచ్చింది కూడా ఆ లావాదేవీ జాడ బ్యాంకులో ఉండబట్టే. నోట్లు ఇచ్చి ఉంటే ఇచ్చానని రుజువు చేయడం ఇంకా కష్టమయ్యేది. అది ఒప్పుకుంటాను.

నాకు కోపం తెప్పించేది "క్యాష్ తీసుకోం" అన్న ఆ ఒక్క మాట. ఫోన్‌తో కట్టడం సౌకర్యంగా ఉన్నంతకాలం మంచిదే. వేరే దారి లేకుండా చేస్తే కొనేవాడికి బేరమాడే బలం పోతుంది. ఆ రోజు అమ్మ సంచిలో నోట్లున్నాయి. అవి లెక్కపెట్టి ఇచ్చి రశీదు తీసుకుంటే అయిపోయే పని. నెల మొదట్లో సచివాలయంవాళ్లు ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టేది నోట్ల రూపంలోనే. 2024 జులై నుంచి అది నెలకి 4,000. ఆ డబ్బు పట్టుకుని పట్నం వచ్చిన ముసలమ్మని షాపువాడు "ఫోన్ ఉన్నవాళ్లని తీసుకురా" అని పంపిస్తే ఆమె ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. వాళ్ల ఫోన్‌లోంచి కట్టించాలి, వాళ్లు ఎంత కట్టారో, ఎవరికి కట్టారో నమ్మాలి. సొంత డబ్బుతో సొంతంగా ఒక వస్తువు కొనుక్కునే స్వతంత్రం పోయినట్టే కదా. అమ్మ అదే అంది: "నా డబ్బులు నా సేతిలో ఉండగా నాను కొనలేదేటి?"

మన ప్రాంతానికి తుపాన్ల భయం కూడా ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు, ఏటీఎంలు లేవు. అప్పుడు కొవ్వొత్తి కొనాలన్నా నోటే పనికొచ్చింది. తుపాను దాకా ఎందుకు, 2025లో మార్చి 26న, ఏప్రిల్ 12న దేశమంతటా యూపీఐ ఆగిపోయి దుకాణాల ముందు జనం నిలబడిపోయారు. ఇంట్లో పది పదిహేను రోజుల ఖర్చుకి నోట్లు ఉంచుకోవడం మన జిల్లాలో చాదస్తం కాదు.

పెద్ద మొత్తం కట్టాల్సి వచ్చినప్పుడు నేనిప్పుడు ఏం చేస్తున్నానో చెబుతాను. ముందు బిల్లు రాయిస్తాను, దాని మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూస్తాను. స్కాన్ చేశాక వచ్చిన పేరు, బిల్లు మీద పేరు ఒకటి కాకపోతే డబ్బు పంపను. వాళ్లు ఇంట్లోవాళ్లదన్నా, తమ్ముడిదన్నా పంపను. ముందు ఒక్క రూపాయి పంపి వాళ్ల స్పీకర్ పలికాకే మిగతాది పంపుతాను. కట్టగానే యూటీఆర్ నంబరు బిల్లు మీదే రాయించి సంతకం పెట్టించుకుంటాను. సామాను బండి ఎక్కించేది ఆ తర్వాతే. ఈ వరస ముఖ్యం, ఎందుకంటే బండి ఎక్కాక తొందర మనది అవుతుంది, బలం వాళ్లది అవుతుంది.

డబ్బు రాలేదని వాళ్లు గట్టిగా అంటే, స్కానర్ ఏ ఖాతాదో ఆ ఖాతా తెరిచి చూపించమనండి. అప్పటికీ తేలక, వస్తువు తప్పనిసరిగా కావాలంటే, "ఫలానా యూటీఆర్ నంబరు మొత్తం మా దగ్గర జమ అయితే తిరిగి ఇస్తాం" అని బిల్లు వెనక రాయించుకుని అప్పుడు కట్టండి. రాయమంటే వెనకాడే షాపులో కొనకపోవడమే మేలు.

కార్డు గీకితే రెండు శాతం అదనం అనే షాపులూ ఉన్నాయి. డెబిట్ కార్డుకి అలా కొనేవాళ్ల మీద వేయకూడదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పి చాలా ఏళ్లయింది. యూపీఐకైతే 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర బ్యాంకు తీసుకునే చార్జీ కూడా లేదు. అడిగితే చాలాచోట్ల తీసేస్తారు.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. డబ్బు ఇరుక్కుపోయిన టెన్షన్‌లో నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేయకండి. అక్కడ దొంగ నంబర్లు చాలా తిరుగుతుంటాయి. "రీఫండ్ పంపిస్తాం, పిన్ కొట్టండి" అన్నారంటే అది మోసమే. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పంపడానికే కావాలి. అలా ఎవరైనా దోచుకుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపడానికి అంత వీలు. బ్యాంకే సమాధానం ఇవ్వకుండా తిప్పుతుంటే ముందు వాళ్లకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజులు దాటినా పలకకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చు. వివరాలకు రిజర్వు బ్యాంకు నంబరు 14448.

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఇలా రెండుసార్లు కట్టి ఊరుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, పాత స్టేట్‌మెంట్ తీసి ఆ డబ్బు ఏ పేరు మీద జమ అయిందో ఒకసారి చూడండి. షాపు పేరు కాకుండా మనిషి పేరు కనిపిస్తే ఆ కాగితం, బిల్లు పట్టుకుని 1915కి ఫోన్ చేయండి. కమిషన్‌లో ఫిర్యాదుకి రెండేళ్ల దాకా గడువుంది.