ఇంటి గాలిని కొలిచే మీటరు, ఎయిర్ ప్యూరిఫయర్: రెండున్నరేళ్ల వాడకం తరువాత

రెండున్నరేళ్ల క్రితం ఇంటికి రెండు పరికరాలు తెచ్చుకున్నాను. ఒకటి గాలిలోని సూక్ష్మ ధూళిని, కార్బన్ డయాక్సైడ్‌ను, తేమను కొలిచే మీటరు. రెండోది అతి సన్నని ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరు ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్. ప్యూరిఫయరే అసలు వస్తువనీ, మీటరు దాని పనితీరు చూసుకోవడానికి మాత్రమేననీ అప్పట్లో అనుకున్నాను. ఆ అభిప్రాయం ఇప్పుడు పూర్తిగా తలకిందులైంది.

అందుకు మొదటి కారణం మా పడకగది. కిటికీలు, తలుపు మూసుకుని ఇద్దరం పడుకునే ఆ గదిలో రాత్రి పదింటికి 600 పీపీఎమ్ (పది లక్షల భాగాల గాలిలో 600 భాగాలు) దగ్గర ఉన్న కార్బన్ డయాక్సైడ్ తెల్లవారేసరికి 2,300 దాటింది. ఆరుబయట అది 420కి కాస్త పైన ఉంటుంది. గదిలో 1,000 దాటనివ్వరాదన్న లెక్కను జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే ప్రతిపాదించారు. ఆ మోతాదులో ఆ వాయువు విషమని కాదు, మనుషులు వదిలిన గాలి గదిలో ఎంత పేరుకుందో దాన్ని బట్టి అంచనా వేయవచ్చునని. ఆ రాత్రంతా ప్యూరిఫయర్ మంచం పక్కనే నడుస్తోంది, సూక్ష్మ ధూళిని చెప్పే పీఎం 2.5 అంకె 4 దగ్గరే ఉంది. ఫిల్టరు రేణువులను పట్టుకుంటుందే తప్ప కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించలేదని ముందే చదివాను గాని, ఆ రెండు అంకెలనూ ఒకే తెర మీద చూసేవరకు అది మనసుకు ఎక్కలేదు. ఇప్పుడు తలుపు ఓరగా ఉంచి, కిటికీకి రెండు వేళ్ల సందు వదిలి పడుకుంటున్నాము. ఉదయానికి 1,000 లోపే ఉంటోంది.

మీటరు చెప్పిన ప్రతి మాటా నమ్మదగినది కాదు. దీనికి ముందు నేను వాడిన చవక మీటరు, సెంటు చల్లిన క్షణంలోనే కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైందని చూపేది. అది ఆ వాయువును కొలవడం లేదని, ఇతర ఆవిరులను పసిగట్టి దానిని ఊహించి చెబుతోందని తరువాత అర్థమైంది. కొనేవారు ఎన్‌డీఐఆర్, అంటే పరారుణ కాంతితో కొలిచే సెన్సరు ఉందో లేదో తప్పక చూడాలి. అయితే దానికీ ఒక బలహీనత ఉంది. నా మీటరు వారం రోజుల్లో కనిపించిన అతి తక్కువ అంకెనే స్వచ్ఛమైన గాలిగా భావించి తనను తాను సరిచేసుకుంటుంది. చలికాలంలో వారాల తరబడి మూసి ఉన్న గదిలో ఉంచిన తరువాత బయటికి తీసుకెళితే అది 300 చూపింది. నేటి వాతావరణంలో అంత తక్కువ ఉండడం అసాధ్యం. అప్పటినుంచి నెలకొకసారి దాన్ని ఆరుబయట అరగంట ఉంచుతున్నాను. ధూళిని లేజరు కాంతితో లెక్కించే సెన్సరు సంగతి వేరు: స్నానాల గది తలుపు తెరవగానే నీటి ఆవిరి తుంపరలను కూడా ధూళిగా లెక్కగట్టి కంగారు పెడుతుంది.

ప్యూరిఫయర్ విషయానికి వస్తే, అది తన పని చేస్తుంది, కాని పెట్టె మీద రాసినంతగా కాదు. శుద్ధ గాలి సరఫరాను చెప్పే సీఏడీఆర్ అంకె గరిష్ఠ వేగానికి వర్తించేది. ఆ వేగంలో చప్పుడును భరిస్తూ నిద్రపోవడం నా వల్ల కాలేదు. ఫిల్టరు మార్చమని వెలిగే దీపం మా యంత్రంలో గంటలు లెక్కపెట్టే గడియారమే గాని, ఫిల్టరు నిండిందో లేదో దానికి తెలియదు. అందుకే నా సొంత పరీక్ష ఒకటి పెట్టుకున్నాను. గది మూసి, దుప్పటి దులిపి, యంత్రాన్ని గరిష్ఠ వేగంలో నడిపి పీఎం 2.5 సగానికి తగ్గడానికి పట్టిన సమయాన్ని రాసుకుంటాను. కొత్త ఫిల్టరుకు 12 నిమిషాలు పట్టింది. పద్నాలుగు నెలల తరువాత 19. అప్పుడే మార్చాను. వాసనలు పోగొడుతుందన్న బొగ్గు పొర మాత్రం రెండు నెలలకే చేతులెత్తేసింది. అయాన్లు వదిలే మీట ఒకటుంది. ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోను పుట్టే అవకాశం ఉన్నందున దాన్ని ఎన్నడూ నొక్కలేదు.

ఎటూ తేల్చుకోలేని పరిస్థితి బయట పొగ, ధూళి ఎక్కువగా ఉన్న రోజుల్లో వస్తుంది. కిటికీ తెరిస్తే పీఎం 2.5 పెరుగుతుంది, మూస్తే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పీఎం 2.5 రోజు సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 5 దాటరాదు. అలాంటి రోజుల్లో బయటి ధూళి అన్నిటికన్నా తక్కువగా ఉన్న వేళ చూసి పావుగంట కిటికీలు తెరిచి, మూసిన వెంటనే ప్యూరిఫయర్‌ను పూర్తి వేగంలో నడుపుతాను. ఆ వేళ ఏదో మీటరు లేనిదే తెలియదు.

విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను, నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు రేడాన్‌ను ఈ మీటరు కొలవదు. మొదటిదానికి విడిగా అలారం పెట్టుకోవలసిందే. రెండోదానికి నెలల తరబడి ఉంచే ప్రత్యేక పరీక్ష ఉత్తమం.

ఇటీవల మీటరులోని చిన్న ఫ్యాను గరగరమంటోంది. లేజరు సెన్సరు నిరంతరం పనిచేస్తూ అరిగిపోకుండా, పది నిమిషాలకొకసారి మాత్రమే కొలిచేలా అమరిక మార్చాను.