ఖురానిక్ అరబిక్ కార్పస్: ఇఅజాజ్ చదివేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది

ఖుర్ఆన్‌లో 'రోజు' అనే మాట సరిగ్గా 365 సార్లు వస్తుందనీ, అదే దాని మహిమకు రుజువనీ చెప్పే వాట్సాప్ సందేశం చాలామందికి వచ్చే ఉంటుంది. ఆ లెక్క నిజమో కాదో తేల్చుకోవడానికి అరబీ పండితుడు దొరకాల్సిన పనిలేదు. ఖుర్ఆన్ పదాలన్నిటికీ వ్యాకరణం చూపే ఖురానిక్ అరబిక్ కార్పస్ సైట్ తెరిస్తే చాలు. ఇఅజాజ్, అంటే ఖుర్ఆన్‌కు సాటి తేవడం మానవులకు సాధ్యం కాదన్న సిద్ధాంతం గురించి చదువుతున్నవాళ్లు ఈ సైట్‌ను ఎలా వాడుకోవచ్చు, ఎక్కడ దాన్ని నమ్ముకోకూడదు అన్నది ఈ సమీక్ష.

సైట్ ఉచితం. లాగిన్ అక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో కైస్ డ్యూక్స్ మొదలుపెట్టిన పరిశోధన ఇది. తన్జీల్ ప్రాజెక్టు సిద్ధం చేసిన ఉస్మానీ లిపి పాఠాన్ని తీసుకుని, 77,430 పదాల్లో ఒక్కొక్కదాన్నీ ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కకూ వ్యాకరణం రాశారు. ధాతువు ఏది, క్రియ అయితే ఏ గణం, ఏ పురుష, ఏ లింగం, కర్తరియా కర్మణియా, నామవాచకం అయితే ఏ విభక్తి, అన్నీ అందులో ఉంటాయి. తప్పు కనిపిస్తే చెప్పడానికి చర్చావేదిక ఉంది. దిద్దుబాట్లు కొన్ని అలా వచ్చినవే.

ముందు ఆ 365 సంగతి చూద్దాం. నిఘంటువు పేజీలో యా, వావ్, మీమ్ ధాతువు ఎంచుకుంటే 'యౌమ్' నామవాచకంగా 405 చోట్ల కనిపిస్తుంది. 'ఆ రోజున' అనే అర్థంలో వచ్చే 'యౌమఇజిన్' మరో 70. మరి 365 ఎక్కడిది? 405లోంచి 27 బహువచనాలు, 3 ద్వివచనాలు తీసేస్తే 375 మిగులుతాయి. 'మీ రోజు', 'వాళ్ల రోజు' అని సర్వనామం అంటుకున్నవి ఇంకో 10 తీసేస్తే 365. యౌమఇజిన్‌నైతే అసలు లెక్కలోకే తీసుకోరు. 'ఈ రోజు' అని అల్ (ఇంగ్లీషు 'ద' లాంటి ఉపపదం) చేరిన రూపాన్ని ఉంచుకుని, 'మీ రోజు' అన్నదాన్ని ఎందుకు వదలాలి? ఏ వ్యాకరణ సూత్రమూ అలా చెప్పదు. కావలసిన సంఖ్య వచ్చేదాకా కోసుకుంటూ పోయారు, అంతే. 'షహ్ర్', అంటే నెల, 12 సార్లు అన్నదీ ఇదే బాపతు. ఏకవచనం మాత్రం చూస్తే 12, మొత్తం 21. పైగా నెలలు పన్నెండని 9వ సూరా (అధ్యాయం) 36వ ఆయతు (వాక్యం) నేరుగా చెప్పేస్తుంది. దానికి గూఢ లెక్క దేనికో తెలియదు.

ఖుర్ఆన్ లెక్కలన్నీ 19తో భాగింపబడతాయంటూ రషాద్ ఖలీఫా 1974లో ప్రచారంలోకి తెచ్చిన 19 సంఖ్య సిద్ధాంతానికి ఈ సైట్ ఇంకా గట్టి పరీక్ష పెడుతుంది. 'అల్లాహ్' అనే పేరు కార్పస్‌లో 2,699 సార్లు ఉంది. ఇది 19తో భాగింపబడదు. 2,698 అయితే 19కి సరిగ్గా 142 రెట్లు. ఆ ఒక్కటీ తగ్గించడానికి ఖలీఫా 9వ సూరా చివరి రెండు ఆయతులు, 128, 129, ఖుర్ఆన్‌లోవి కావన్నాడు. ముస్లిం పండితలోకం దాన్ని ఒప్పుకోలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. సూరాల మొదట్లో ఆయతు సంఖ్య లేకుండా ఉండే 112 బిస్మిల్లాలను ('అల్లాహ్ పేరుతో' అనే ప్రారంభ వాక్యాలను) కార్పస్ లెక్కించదు. 1వ సూరా మొదటి ఆయతులో, 27వ సూరా 30వ ఆయతులో ఉన్నవాటినే లెక్కిస్తుంది. ఎవరి లెక్కతోనైనా పోల్చే ముందు వాళ్లు బిస్మిల్లాలను ఏం చేశారో అడగాలి.

ఈ లెక్కలకు సైట్ ఎంత బాగా పనికొస్తుందో, పాతకాలపు అసలు ఇఅజాజ్ చర్చకు అంత సులభంగా లొంగదు. సాటి తెమ్మన్న సవాలు ఆయతులు, 2:23, 10:38, 11:13, 17:88, 52:34, పదాల సంఖ్య గురించి మాట్లాడవు. ఆ సవాలుకు ఎవరూ ఎందుకు జవాబివ్వలేకపోయారన్నదే మొదటి తగాదా. తొమ్మిదో శతాబ్దంలో ముఅతజిలీ అనే తర్కవాద శాఖకు చెందిన నజ్జామ్, సవాలు ఎదుర్కొన్నవాళ్ల శక్తిని దేవుడే పక్కకు మళ్లించాడన్నాడు. దీన్ని సర్ఫా అంటారు. 1078లో చనిపోయిన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ దాన్ని తోసిపుచ్చి, మహిమ పాఠంలోనే ఉందన్నాడు. అది విడివిడి పదాల్లో లేదట, పదాలను వ్యాకరణ సంబంధాలతో కూర్చిన నజ్మ్‌లో ఉందట. కావ్యాత్మ శబ్దంలోనా, అర్థంలోనా, కూర్పులోనా అని మన ఆలంకారికులు తగవులాడుకున్న చోటికి ఇది దగ్గరే.

జుర్జానీ ఎంచుకున్న ఉదాహరణనే సైట్‌లో తెరిచి చూడండి: 11వ సూరా 44వ ఆయతు, నూహ్ ప్రవక్త కాలపు జలప్రళయం ముగిసే ఘట్టం. మొత్తం 17 పదాలు. భూమిని నీళ్లు మింగమని, ఆకాశాన్ని ఆగమని చెప్పడం జరిగింది, నీరు ఇంకింది, పని ముగిసింది, అది జూదీ కొండ మీద నిలిచింది, దుర్మార్గులు దూరమవుగాక అని చెప్పడం జరిగింది. పదాల పక్కనున్న వివరాలు వరసగా చదివితే నాలుగు కర్మణి క్రియలు బయటపడతాయి: ఖీల (చెప్పబడింది), గీద (ఇంకించబడింది), ఖుదియ (ముగించబడింది), మళ్లీ ఖీల. ఆజ్ఞ ఇచ్చినవాడి పేరు ఎక్కడా లేదు. ఆ స్థాయి ఆజ్ఞ ఇంకెవరిస్తారు గనక! ఇబ్లఈ (మింగు), అఖ్లిఈ (ఆగు) రెండూ మధ్యమ పురుష స్త్రీలింగ విధి రూపాలు. రెంటికీ ముందు సంబోధన 'యా'. 'నీ నీటిని' అన్నచోట కి అనే సర్వనామం నీటిని భూమికే అంటగడుతుంది. ఇస్తవత్ (నిలిచింది) స్త్రీలింగ క్రియ, కాని ఓడ అనే మాట ఆయతులో లేనే లేదు. ఖీలతో మొదలై ఖీలతో చివరి వాక్యం ఎత్తుకోవడం కూడా జుర్జానీ గుర్తుపట్టినదే. అరబీ రానివాళ్లకు సైతం ఇవన్నీ కళ్లకు కట్టేలా చేసే ఉచిత సాధనం ఇంత చక్కగా మరొకటి కనబడదు.

ఇల్తిఫాత్, అంటే ఉన్నట్టుండి పురుష మారడం, దాన్ని పట్టుకోవడానికి కూడా ఇదే పద్ధతి. 10వ సూరా 22వ ఆయతులో 'కున్తుమ్' మధ్యమ పురుష బహువచనం. రెండు మూడు పదాలు దాటగానే 'బిహిమ్' ప్రథమ పురుష. ఓడలో ఉన్న 'మీరు' కాస్తా 'వాళ్లు' అయిపోయారు. కార్పస్ ఈ మార్పును చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. అందుకు వ్యాఖ్యానం తెరవాల్సిందే.

సైట్ చేతులెత్తేసే చోటు కూడా జుర్జానీ దగ్గరే ఉంది. 19వ సూరా 4వ ఆయతులో జకరియ్యా ప్రవక్త తన ముసలితనం గురించి 'ఇష్తఅల అర్రాసు షైబన్' అంటాడు. తల నెరుపుతో భగ్గుమంది అని. నెరుపు తలలో మండింది అంటే ఒక మూల నెరిసినా సరిపోతుంది, తలే మండింది అంటే నల్ల వెంట్రుక మిగల్లేదన్నట్టు. ఈ అందమంతా షైబన్ ఇక్కడ తమ్‌యీజ్ (ఏ విషయంలో అన్నది తేల్చి చెప్పే పదం) కావడంలో ఉంది. పదాల పేజీ దాన్ని ద్వితీయా విభక్తి నామవాచకం అని చెప్పి ఊరుకుంటుంది. తమ్‌యీజ్ తెలియాలంటే పదాల మధ్య బాణాలతో గీసిన వాక్యనిర్మాణ చిత్రం కావాలి. ఆ చిత్రాలు ఖుర్ఆన్ అంతటికీ పూర్తి కాలేదు. మొదటి సూరాలకూ చివరి సూరాలకూ ఉన్నాయి, మధ్యవాటిలో చాలావాటికి లేవు, 19వది వాటిలో ఒకటి. నజ్మ్ అంటే సంబంధాలే అయినప్పుడు ఇది చిన్న లోటు కాదు.

డేటా ఫైలు దించుకుని సొంతంగా లెక్కపెట్టేవాళ్లు అక్షరాల దగ్గర బోల్తా పడతారు. ఫైలు బక్‌వాల్టర్ లిప్యంతరీకరణలో, అంటే అరబీ అక్షరాలకు ఇంగ్లీషు కీబోర్డు గుర్తులు వాడే పద్ధతిలో ఉంటుంది. షీన్‌కు డాలర్ గుర్తు, ఖాకు ఎక్స్, ఐన్‌కు పెద్ద ఈ, జాల్‌కు నక్షత్రం. చిన్న టీ ఒక అక్షరం, పెద్ద టీ మరొకటి. ఎక్సెల్‌లో కౌంటిఫ్ చిన్నా పెద్దా తేడా చూడదు కాబట్టి, ఒక్కసారే వచ్చే 'తీన్', అంటే అత్తి, 12 సార్లు వచ్చే మట్టి ధాతువుతో కలిసి 13 అయిపోతుంది. నక్షత్రాన్ని ఏ అక్షరాలైనా, ఎన్నైనా సరే అన్న అర్థంలో తీసుకుంటుంది గనక జాల్ ఉన్న ధాతువులన్నీ ఉబ్బిపోతాయి. సెర్చ్ ఫంక్షన్‌దీ ఇదే తంతు. ఫైండ్ ఫంక్షన్ వాడితే రెండు ఇబ్బందులూ పోతాయి. వెతికే మాట చివర నిలువు గీత కూడా చేర్చండి, లేకపోతే నాలుగక్షరాల ధాతువులు మూడక్షరాలవాటితో కలిసిపోతాయి.

ఇంకో రెండు లోట్లు. ఖుర్ఆన్ పఠన సంప్రదాయాల్లో ఆసిమ్ నుంచి హఫ్స్ అందించిన పఠనం ఒక్కటే ఇక్కడి పాఠం. 1వ సూరా 4వ ఆయతులో హఫ్స్ పఠనంలో 'మాలికి', వర్ష్ అందించిన మరో పఠనంలో 'మలికి', యజమానికీ రాజుకూ ఉన్న తేడా. అలంకార చర్చల్లో ఇలాంటివి తరచు వస్తాయి, ఇక్కడ కనిపించవు. రెండోది, ఆయతు చివరి ప్రాసలను, ఫవాసిల్‌ను, వెతికే దారి లేదు. 994లో చనిపోయిన రుమ్మానీ బలాగకు, అంటే వాక్చాతుర్యానికి, చెప్పిన పది విభాగాల్లో ఫవాసిల్ ఒకటి. 55వ సూరాలో 31 సార్లు తిరిగొచ్చే పల్లవి, దాని చుట్టూ అల్లుకున్న ద్వివచన ప్రాస, చెవితోనే పట్టుకోవాలి.

పదార్థాలు, వివరణలు అన్నీ ఇంగ్లీషులోనే. ఆయతు అనువాదాలు పక్కపక్కన ఏడు ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు అనువాదాన్ని వేరే ట్యాబ్‌లో తెరిచిపెట్టుకుంటే పని నడుస్తుంది. ఫోన్‌లో మాత్రం కష్టం, పదాల పట్టిక తెరకు పట్టదు. అరబీ అక్షరాలు గుర్తుపట్టగలిగి, ఫిఅల్ (క్రియ), ఫాయిల్ (కర్త), మఫ్‌ఊల్ (కర్మ) వంటి మాటలు తెలిసిన మదరసా విద్యార్థికి, అరబీ ఐచ్ఛికంగా తీసుకున్న డిగ్రీ విద్యార్థికి నిస్సంకోచంగా చెప్పొచ్చు. అక్షరాలే రానివాళ్లు ముందు 108వ సూరాతో మొదలుపెట్టండి. పది పదాలే, 'మేము ఇచ్చాం' నుంచి 'నీ ప్రభువు కోసం' అనే దగ్గరికి పురుష మారడం అందులోనే దొరుకుతుంది, వాక్యనిర్మాణ చిత్రమూ ఉంది.