మొదటిసారి స్కీయింగ్: గుల్మార్గా, ఔలీనా?

హన్మకొండలో డిసెంబర్ చలికే మఫ్లర్ చుట్టుకునే మనకు మంచు మీద జారడం కొత్తే.

ప్రయాణం: కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు హైదరాబాద్ నుంచి శ్రీనగర్ విమానం, ఆపై సుమారు 50 కిలోమీటర్లు. ఉత్తరాఖండ్‌లోని ఔలీకి కాజీపేటలో ఢిల్లీ రైలెక్కి, రిషికేశ్ మీదుగా ఔలీ కింద ఉన్న జోషీమఠ్ ఊరు చేరాలి. ఆ ఘాట్ రోడ్డే ఒక రోజు తినేస్తుంది.

ఖర్చు: రైల్లో వెళ్తే ఔలీయే చవక.

మంచు: గుల్మార్గ్‌దే పైచేయి. ఔలీలో కొన్నేళ్లు జనవరిలోనూ పలచగా పడుతుంది.

ప్రమాదం: గుల్మార్గ్ గొండోలా (కేబుల్ కారు) దాదాపు 3,950 మీటర్ల దాకా వెళ్తుంది. పై వాలుల్లో మంచుచరియల భయముంది. కొత్తవాళ్లకు అంత ఎత్తుతో పనేంటి? కింది వాలులే చాలు.

శ్రమ: రెండుచోట్లా పడటం, లేవడమే. నెల ముందే భద్రకాళి బండ్ మీద నడక మొదలుపెడితే మోకాళ్లు దీవిస్తాయి.

నాలుగైదు రోజుల సెలవే ఉంటే గుల్మార్గ్. పన్నెండు రోజులు దొరికి, జేబు పలచగా ఉంటే ఔలీ.