దిగుమతి మొక్కలు కొనేవారికి హెచ్చరిక: సర్టిఫికెట్ చూపించారని సరిపెట్టుకోకండి

థాయిలాండ్ సరుకని చెప్పి అలంకరణ పామ్‌లు, తైవాన్ జామ మొక్కలు అమ్మే నర్సరీలలో కొనదలచినవారు, డబ్బు చెల్లించక ముందే ఈ విషయం తెలుసుకోవడం మంచిది. నాకు మొక్కలు అమ్మినవారు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కలకు చీడపీడలు లేవని ఎగుమతి చేసే దేశం ఇచ్చే పత్రం) జిరాక్సు చేతికిచ్చి, పరీక్షలన్నీ పూర్తయ్యాయని నమ్మబలికారు. లారీ నుంచి దించాక పామ్ ఆకులు తిప్పి చూస్తే, అడుగు భాగంలో వేలిముద్రల్లా చుట్టలు తిరిగిన తెల్లటి మైనపు గీతలు, కింది ఆకుల పైన జిగురు మీద పట్టిన నల్లటి మసి కనిపించాయి. అది 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో బయటపడి, అనతికాలంలోనే గోదావరి జిల్లాలకు పాకిన, ఆకుల రసం పీల్చే సర్పిలాకార తెల్లదోమ పని.

ఆ సర్టిఫికెట్ దొంగదని నేను అనడం లేదు. అయితే అది ఎగుమతి చేసిన దేశంలో సరుకు బయలుదేరిన నాటి స్థితికి మాత్రమే సాక్ష్యం. ఆ తరువాత మొక్కలు నెలల తరబడి ఇక్కడి షేడ్‌నెట్ల కింద, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మొక్కల సరసన పెరుగుతాయి. పైగా మొక్కల దిగుమతిని నియంత్రించే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం మొక్కల వెంట విదేశీ మట్టి రాకూడదు కనుక, సంచిలో ఉన్నది ఇక్కడి మట్టే అయి ఉండాలి; దానికి ఆ సర్టిఫికెట్ సాక్ష్యం కాదు.

జామకు అసలు ముప్పు ఆ మట్టిలోనే ఉంది. ఒక సంచి కోసి వేళ్లు కడిగితే, పీచువేళ్ల పొడవునా, మట్టిలో ఉండి వేళ్లలో చేరే వేరుబుడిపె నులిపురుగు (నెమటోడ్) చేసిన ముడులు కనిపించాయి. పైన చిగుళ్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి! ఇటువంటి మొక్క నాటితే క్రమంగా ఆకులు ఎర్రబారి రాలి చెట్టు వడలిపోవడమే కాక, పురుగు తోట మట్టిలో స్థిరపడుతుంది. ఆ తరువాత దానిని పూర్తిగా వదిలించుకోవడం దాదాపు అసాధ్యం.

సొమ్ము తిరిగి అడిగితే, ఒకసారి మందు కొడితే పోతుందని చెప్పి పంపించారు. వేళ్లలో ఉండే నులిపురుగుకు ఆకుల మీద కొట్టే మందు తగలదు; తెల్లదోమ మీద ఘాటైన రసాయనాలు కొడితే, దానిని అదుపులో ఉంచే ఎన్‌కార్సియా అనే మిత్రకీటకం కూడా చచ్చిపోతుంది.

కాబట్టి వారు తీసిచ్చిన మొక్కను కాక, మీరు ఎంచుకున్న మొక్క సంచినే కోయించి, వేళ్లు కడిగి చూడండి. అందుకు ఒప్పుకోని చోట జామ కొనకండి. పురుగు కనిపిస్తే మొక్కలు మార్చి ఇస్తామని బిల్లు మీదే రాయించుకోండి. తెచ్చిన మొక్కలను కొబ్బరి, అరటి, జామ చెట్లకు దూరంగా ఉంచి, కొత్త ఆకులు విచ్చుకునే వరకు భూతద్దంతో ఆకుల అడుగు భాగాన్ని తరచూ పరిశీలిస్తూ, ఆ తరువాతనే నాటండి.