లెక్కల్లో నీతి ఎక్కడ వంటబడుతుంది?

రామలింగరాజు బీకాం చదివారు, అమెరికాలో ఎంబీఏ చేశారు. 2008లో ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం, పాలన బాగున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. 2009 జనవరి 7న ఆయనే లేఖ రాసి, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. హనుమకొండలో బీకాం వాళ్లకు ఆడిటింగ్ చెబుతాను. చదువుతో నీతి వస్తుందా అని పిల్లలు నన్ను నిలదీసేది ఈ కథతోనే.

వస్తుందనే అంటాను, చెప్పే తీరును బట్టి.

నీతికి విడిగా ఒక పేపరు పెట్టడం అందరికీ తోచే ఉపాయం. పరీక్ష ముందురోజు బట్టీపట్టి, తర్వాత మరిచిపోతారు. అలాగని తీసిపారేయను. తాను ఆడిట్ చేసే కంపెనీలో ఆడిటర్‌కు ఒక్క షేరు కూడా ఉండకూడదన్నది 2013 కంపెనీల చట్టంలోని నిబంధన. ఎంత మంచివాడికైనా అది చదివితేనే తెలుస్తుంది.

సీఏ చదివేవాళ్లకు ఆర్టికల్‌షిప్ ఉంది, అంటే ఒక సీఏ దగ్గర చేరి పని నేర్చుకోవడం. ఒకప్పుడు మూడేళ్లు, కొత్త పథకంలో రెండేళ్లు. పని అక్కడే వస్తుంది, పనితోపాటు గురువు అలవాట్లూ వస్తాయి. నేను చేరిన చోట, ఒక మిల్లులో సరుకు చూడకుండానే చూసినట్టు రాయమన్నారు. రాశాను. ఇరవై ఏళ్ల వయసులో ఎదురుచెప్పే ధైర్యం ఎక్కడిది?

నా ఓటు మూడో దారికి: నీతిని లెక్కల పాఠంలోనే కలిపి, ఆర్టికల్‌షిప్‌కు ముందే చెప్పాలి. ఉదాహరణకు, కంపెనీ నిల్వ ఎంతో ఉత్తరం రాసి బ్యాంకునే అడగాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. వినడానికి ఇది చిన్న పద్ధతి. సత్యం ఆడిటర్లు ఆ ఉత్తరాల పనిని కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో తేల్చిందని చెబితే, తరగతిలో ఎవరూ ఫోను చూడరు. మరో రోజు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన రైతు తక్‌పట్టీని (అమ్మకం చీటీని) బోర్డు మీద రాసి, ఏ కోత ఎవరి జేబులోకి పోయిందో చెప్పమంటాను. పల్లెల నుంచి వచ్చినవాళ్లే ముందు చేతులెత్తుతారు.

ఈ ఏడాది ఒక జిన్నింగ్ మిల్లు గోదాముకు తీసుకెళ్లి పత్తి బేళ్లు లెక్కపెట్టించాను. ఉక్కకు విసుక్కున్నారు. రిజిస్టరులో ఉన్నదానికి రెండు బేళ్లు తక్కువ తేలాయి. నేను నోరు తెరవకముందే మళ్లీ మొదటి వరుస దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.