‘పర్యావరణ హిత’ ఫండ్లు కొనేవారికి హెచ్చరిక: ఆ గ్రేడు దేనికి ఇచ్చారో ముందు చూడండి

ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన) పేరుతో అమ్ముతున్న మ్యూచువల్ ఫండ్లలో డబ్బు పెట్టబోతున్నవారు డిస్ట్రిబ్యూటరు చూపించే రేటింగు ఒక్కటే చూసి సంతకం చేయవద్దని కోరుతున్నాను. మాకు అలాంటి పథకం అమ్మిన వ్యక్తి, అందులోని కంపెనీలన్నీ పర్యావరణానికి హాని చేయనివేనని, మంచి గ్రేడే దానికి రుజువని నమ్మబలికారు. తీరా ఫండు ఏయే కంపెనీల్లో డబ్బు పెట్టిందో చెప్పే నెలవారీ ఫ్యాక్ట్‌షీట్ తెప్పించి చూస్తే, పెద్ద పెట్టుబడులన్నీ దాదాపుగా అదే సంస్థ నడిపే మామూలు లార్జ్‌క్యాప్ (పెద్ద కంపెనీల) ఫండులో ఉన్న బ్యాంకులు, ఐటీ కంపెనీలే. గ్రేడును అదే రంగంలోని ఇతర కంపెనీలతో పోల్చి ఇచ్చారన్న వాక్యం మాత్రం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

అసలు కిటుకంతా ఆ వాక్యంలోనే ఉంది. సిమెంటు కంపెనీని సిమెంటు కంపెనీలతోనే పోల్చినప్పుడు, తోటివాటికన్నా కాస్త నయమనిపించుకున్నా మంచి గ్రేడు వస్తుంది. దాని చిమ్నీ నుంచి వచ్చే పొగ తగ్గిందని అర్థం కాదు. పైగా పేరున్న రేటింగుల్లో కొన్ని లెక్కగట్టేది పర్యావరణ సమస్యల వల్ల కంపెనీ లాభాలకు ఉన్న ముప్పునే తప్ప, కంపెనీ వల్ల గాలికీ నీటికీ జరిగే హానిని కాదు. అందుకు వాడే సమాచారంలో చాలా భాగం కంపెనీలు స్వయంగా ప్రకటించుకున్నదే.

ఫోక్స్‌వ్యాగన్ ఉదంతం గుర్తు చేసుకోండి. 2015 సెప్టెంబరులో పర్యావరణం వంటి అంశాల్లో మెరుగైన కంపెనీలను ఎంచే డౌ జోన్స్ సస్టెయినబిలిటీ సూచీ ఆ కంపెనీని వాహన రంగంలో అగ్రగామిగా ప్రకటించింది. అదే నెల 18న, ఉద్గార పరీక్షలను ఏమార్చే సాఫ్ట్‌వేర్‌ను కార్లలో పెట్టారని అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల వాహనాల్లో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. సూచీ నుంచి దాన్ని తొలగించింది ఆ తర్వాతే. ఫండ్ సంస్థలూ ఇందుకు అతీతం కావు: ఈఎస్‌జీ విషయంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలు చేసినందుకు డాయిష్ బ్యాంకు అనుబంధ సంస్థ డీడబ్ల్యూఎస్‌కు 2023లో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 1.9 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

మన దేశంలో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2023లో ఈఎస్‌జీ రేటింగు సంస్థలను తన నియంత్రణ కిందికి తెచ్చింది. అయితే రేటింగు పొందే కంపెనీయే రుసుము చెల్లించే పద్ధతికీ అనుమతి ఉంది కనుక, ఎవరు చెల్లించారో తప్పక అడగండి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు ఏటా తమ సామాజిక, పర్యావరణ బాధ్యతపై బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. అది స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. అందులో పునరుత్పాదక ఇంధన వాటా, చెల్లించిన జరిమానాలు, పర్యావరణ చట్టాల ఉల్లంఘనల పట్టికలు చూడండి. మేము ఫండ్ సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాము; సరైన జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల వెబ్‌సైట్ ‘స్కోర్స్’లో పెడతాము. డిస్ట్రిబ్యూటరు నోటితో చెప్పిన మాటలను మెయిల్‌లో రాసి పంపమని అడగండి, పంపనంటే ఆ పథకం కొనకండి.